లింకన్ రాయని ఉత్తరం, రాసిన ఉత్తరాలు: ఒక కేస్ స్టడీ

వెనక అట్ట మీద ఏమి వేయాలన్నది పుస్తకం పనిలో సాధారణంగా ఆఖరున తేలే విషయం. ఈ పుస్తకానికి మాత్రం అది మొదటి రోజే తేలిపోయింది. పిల్లల కోసం అబ్రహాం లింకన్ జీవితాన్ని తెలుగులో తెస్తున్న ప్రచురణకర్త రాతప్రతి నా చేతిలో పెడుతూ, “వెనక అట్ట మీద హెడ్మాస్టరుకు రాసిన ఉత్తరం వేద్దామండీ. సెప్టెంబరు 5 నాటికి పుస్తకం బడుల్లో ఉండాలి” అన్నారు. నా పని రాతప్రతిని దిద్దడం, అందులో ఉన్న ప్రతి తేదీకీ ప్రతి మాటకూ ఆధారం వెతకడం. గడువు ఆరు వారాలు. అందులో నాలుగు వారాలు ఆ ఒక్క ఉత్తరమే తీసుకుంది.

ఆ ఉత్తరం తెలియని తెలుగు పాఠకుడు తక్కువ. మనుషులందరూ న్యాయవంతులు కారని నా కొడుకు నేర్చుకోక తప్పదు, అయితే ప్రతి దుర్మార్గుడికీ ఒక వీరుడు ఉంటాడని కూడా నేర్పండి అంటూ సాగుతుంది. దొరికిన ఐదు డాలర్ల కంటే సంపాదించిన ఒక డాలరు విలువైనదని నేర్పమంటుంది. ఆకాశంలో పక్షులు, ఎండలో తేనెటీగలు, పచ్చని కొండ మీద పూలు అంటుంది. మోసం చేసి నెగ్గడం కంటే తప్పడమే గౌరవమంటుంది. ఉపాధ్యాయుల గదుల్లో చట్రం కట్టి ఉంటుంది, వార్షికోత్సవ సంచికల్లో ఉంటుంది, గురుపూజోత్సవం నాడు ఎవరో ఒకరు వేదిక మీద చదువుతారు. ఇరవై ఏళ్ల కిందట నేను బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో మా బడి సంచికలో దాన్ని నేనే వేశాను. కింద లింకన్ పేరు నా చేతులతోనే రాశాను. అందుకని ఈ వెతుకులాటకు నావైపు నుంచి ఒక బాకీ కూడా ఉంది.

ముందు కాగితం ఎక్కడుందో చూడాలి

పాత మనుషుల ఉత్తరం ఏది చేతికి వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్నలు పల్లెటూరి పోస్ట్‌మాన్ అడిగేవే. ఎవరికి? ఏ ఊరికి? ఎవరు రాశారు? ఏ రోజున? వాటికి జవాబులు వచ్చాకే లోపల ఏముందో చదువుతాను. తెలుగులో చెలామణిలో ఉన్న ప్రతులు పదకొండు సేకరించాను. కొన్నిటిలో హెడ్మాస్టరుకు రాసినట్టు ఉంది, కొన్నిటిలో తరగతి ఉపాధ్యాయుడికి. ఒకదాని కింద 1830 అని సంవత్సరం ఉంది. మిగతా వాటికి తేదీ లేదు. ఆ హెడ్మాస్టరు పేరు, బడి పేరు, ఊరు పదకొండింటిలో ఒక్కదానిలోనూ లేవు.

1830 సంగతి అయిదు నిమిషాల్లో తేలింది. లింకన్ పుట్టింది 1809 ఫిబ్రవరి 12న. 1830 వసంతంలో ఆయన ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు, తండ్రి కుటుంబంతో ఇండియానా నుంచి ఇల్లినాయికి బండ్లు తోలుకొని వచ్చిన సంవత్సరమది. మేరీ టాడ్‌తో పెళ్లి 1842 నవంబరు 4న. మొదటి కొడుకు రాబర్ట్ పుట్టింది 1843 ఆగస్టు 1న. తేదీ వేసినవాళ్లు ఎవరో గానీ, పుట్టని కొడుకును బడికి పంపించారు.

అయితే తేదీ తప్పయినంత మాత్రాన ఉత్తరం తప్పు కాదు. నకలు రాసేవాళ్లు తేదీలు తప్పు వేయడం మామూలే. అందుకని అసలు భోషాణం తెరవవలసి వచ్చింది.

లింకన్ కాగితాలకు ఒక చరిత్ర ఉంది. తండ్రి హత్య తరువాత ఆ కాగితాలన్నీ రాబర్ట్ చేతికి వచ్చాయి. ఆయన వాటిని అమెరికా పార్లమెంటు గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇస్తూ, తాను చనిపోయిన 21 ఏళ్ల దాకా ఎవరూ తెరవకూడదని షరతు పెట్టారు. రాబర్ట్ 1926 జులై 26న కన్నుమూశారు. 1947 జులై 26న ఆ పెట్టెలు తెరిచారు. ఆ తరువాత రాయ్ బాస్లర్ సంపాదకత్వంలో లింకన్ సంకలిత రచనలు 1953లో ఎనిమిది సంపుటాలుగా వచ్చాయి. సూచిక 1955లో, తరువాత దొరికిన వాటితో అనుబంధాలు 1974లో, 1990లో. ఒక వాక్యం రాసిన చీటీలు, తంతివార్తలు, కోర్టు కాగితాల వెనక గీసిన లెక్కలు కూడా అందులో చోటు చేసుకున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయం ఆ ఎనిమిది సంపుటాలనూ ఎవరైనా వెతుక్కునేలా కంప్యూటర్‌లో ఉంచింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అసలు చేతిరాత కాగితాల ఫోటోలే పెట్టింది. విజయవాడలో రాత్రి అన్నం తిని బల్ల ముందు కూర్చుంటే లింకన్ చేతిరాత కళ్లముందు ఉంటుంది. ఈ పనికి అమెరికా వెళ్లనక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

వెతికాను. బడి, ఉపాధ్యాయుడు, నా కొడుకు, నా పిల్లవాడు, ఇలా ఆంగ్లంలో ఎన్ని మాటలు తోస్తే అన్నీ. ఉత్తరంలోని ఒక్కొక్క పదబంధాన్నీ పెట్టి చూశాను. ఉత్తరం లేదు, దాని ముక్క కూడా లేదు.

పుస్తకంలో లింకన్ బాల్యం అధ్యాయాన్ని చదివిపెట్టిన విశ్రాంత ప్రధానోపాధ్యాయులు ఒకరు ఇక్కడ అడ్డు తగిలారు. “అసలు పోయి ఉండవచ్చు కదా మాస్టారూ, ఆనాటి కాగితాలన్నీ మిగిలాయా?” అన్నారు. సరైన ప్రశ్న. దానికి జవాబు లింకన్ జీవితంలోనే ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో కొడుకులను పోగొట్టుకున్న బోస్టన్ విధవరాలు లిడియా బిక్స్‌బీకి 1864 నవంబరు 21 తేదీతో వెళ్లిన ఓదార్పు ఉత్తరం అసలు కాగితం ఈనాడు ఎక్కడా లేదు. అయినా దాన్ని ఎవరూ పుట్టించిన ఉత్తరమనరు. ఎందుకంటే నాలుగు రోజులకే, నవంబరు 25న, బోస్టన్ పత్రికలో అది అచ్చయింది. చరిత్రకారులు దాని మీద వాదులాడుతున్నది వేరే విషయం గురించి: ఆ మాటలు లింకన్‌వా, ఆయన కార్యదర్శి జాన్ హే సమకూర్చినవా అని. కాగితం పోయినా జాడ మిగులుతుంది. అందుకున్నవాళ్లు చెప్పుకుంటారు, పత్రికలు వేస్తాయి, చుట్టాలు దాచుకుంటారు. లింకన్ హత్య తరువాత ఆయన న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ ఆయనను ఎరిగిన వారందరినీ కలిసి, ఉత్తరాలు రాసి, జ్ఞాపకాలు పోగుచేశాడు. సవతి తల్లి శారా బుష్ లింకన్ ఇంటికి పోయి, ఆయన చిన్ననాటి లెక్కల పుస్తకం ఆకులు కూడా తెచ్చాడు. అంతటి సేకరణ జరిగిన కాలంలో, అధ్యక్షుడి నుంచి అలాంటి ఉత్తరం అందుకున్న ఉపాధ్యాయుడు ఒకడుండి, నోరు మెదపకుండా ఉండడం నాకు నమ్మశక్యంగా లేదు.

ఏ కొడుకు, ఏ బడి

తరువాత పట్టిక వేశాను. లింకన్‌కు నలుగురు కొడుకులు. రాబర్ట్, 1846లో పుట్టి 1850 ఫిబ్రవరి 1న, నాలుగేళ్లు నిండకముందే పోయిన ఎడ్వర్డ్, 1850 డిసెంబరు 21న పుట్టి 1862 ఫిబ్రవరి 20న వైట్‌హౌస్‌లో జ్వరంతో చనిపోయిన విలియం, 1853 ఏప్రిల్ 4న పుట్టిన థామస్, ముద్దుపేరు టాడ్. లింకన్ ఏ రోజు ఎక్కడున్నాడో రోజువారీగా కూర్చిన కాలక్రమణిక ఉంది, ఈ పనిలో దానంత అక్కరకు వచ్చిన సాధనం ఇంకొకటి లేదు. దాన్ని పక్కన పెట్టుకొని చూస్తే ఎడ్వర్డ్ బడి ఈడుకు రాలేదు. టాడ్ అధ్యక్షుడి కొడుకుగా ఇంట్లోనే అలెగ్జాండర్ విలియమ్సన్ అనే ట్యూటర్ దగ్గర చదివాడు, చదివాడనడం కూడా కష్టమే. మాట తొట్రుపడే ఆ పిల్లవాడికి తండ్రి చనిపోయేనాటికి పన్నెండేళ్లు, అప్పటికీ చదవడం సరిగా రాదు. వాణ్ని క్రమశిక్షణలో పెట్టమని లింకన్ ఏ హెడ్మాస్టరుకూ అప్పగించలేదు.

మిగిలింది ఇల్లినాయిలో లింకన్ కాపురమున్న ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన రాబర్ట్, విలియం. నిజాయతీగా చెప్పాలంటే ఇక్కడ పట్టిక నాకు సాయం చేయలేదు. ఆ ఇద్దరి విషయంలో తండ్రి ఉపాధ్యాయుడికి చీటీ రాయడం అసాధ్యమేమీ కాదు. కాలక్రమం ఒక్కటే చూపించి ఉత్తరాన్ని కొట్టేస్తే అది తొందరపాటు అవుతుంది. ఇక మిగిలింది భాష.

తెలుగులో కనిపించని తేదీ

ఇక్కడే నేను ఇన్నాళ్లూ అనువాదకుల మధ్య తిరుగుతూ కూడా గమనించని సంగతి ఒకటి బయటపడింది.

ఆ ఉత్తరం ఆంగ్లపాఠంలో, అందరూ ‘బ్యాండ్‌వాగన్’ ఎక్కుతున్నప్పుడు నా కొడుకు గుంపు వెంట పోకుండా చూడండి అని ఉంటుంది. బ్యాండ్‌వాగన్ అంటే ఊరేగింపులో బాజాలు మోసుకుపోయే బండి. సర్కసు యజమాని పి.టి. బార్నమ్ 1855లో ఆ మాటను బండి అర్థంలోనే వాడాడు. గెలిచే పక్షాన చేరిపోవడం అనే అర్థం దానికి 19వ శతాబ్దం ముగిసే కాలంలో అంటుకుంది. 1899లో థియొడోర్ రూజ్‌వెల్ట్ ఉత్తరంలో ఆ వాడుక కనిపిస్తుంది. లింకన్ చనిపోయింది 1865లో. అలాగే, హృదయానికీ ఆత్మకూ ‘ప్రైస్ ట్యాగ్’ తగిలించవద్దని ఉంటుంది. సరుకుకు కట్టే ధర చీటీ అది. నిఘంటువులు చూపే దాని తొలి వాడుక కూడా లింకన్ పోయిన తరువాతిదే.

ఇప్పుడు తెలుగు ప్రతులు చూడండి. బ్యాండ్‌వాగన్ పోయి ‘గొర్రెల మందలా’ వచ్చింది, ఒక ప్రతిలో ‘గొర్రెదాటు’ అని చక్కగా ఉంది. ప్రైస్ ట్యాగ్ పోయి ‘వెల కట్టవద్దు’ అయింది. రెండూ మంచి తెలుగు. రెండూ ఎంత పాతవంటే ఏ కాలం మనిషి నోట పెట్టినా ఇమిడిపోతాయి. అనువాదకుడు తన పని బాగా చేశాడు, ఆ చేయడంలో ఉత్తరం నుదుట ఉన్న తేదీ చెరిగిపోయింది. ఆంగ్లంలో చదివేవాడికి కాలిలో ముల్లులా తగలవలసిన మాట, మనకు పట్టుబట్టలా నున్నగా జారిపోయింది. అప్పటి నుంచి నేను ఒక నియమం పెట్టుకున్నాను. మహనీయులు అన్నారని తెలుగులో వచ్చే మాట ఏదైనా, ముందు దాన్ని మూలభాషలో చదవాలి. తెలుగు బాగున్నకొద్దీ ఇంకా జాగ్రత్తగా చదవాలి.

మాటల వయసు చూసి ఉత్తరాన్ని పట్టుకోవడం కొత్త పద్ధతి కాదు. 1928 డిసెంబరు నుంచి అట్లాంటిక్ మంత్లీ పత్రిక లింకన్, ఆయన తొలి ప్రేయసిగా చెప్పే ఆన్ రట్లెడ్జ్ మధ్య నడిచినవంటూ ప్రేమలేఖలు ప్రచురించింది. విల్మా ఫ్రాన్సెస్ మైనర్ అనే ఆవిడ తెచ్చి అమ్మినవి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ సంఘం కార్యదర్శిగా ఉన్న పాల్ యాంగిల్ వాటిని చదివి రెండు చోట్ల ఆగాడు. ఒక ఉత్తరంలో 1830లలోనే ఎవరో కాన్సస్‌కు వలస పోయినట్టు ఉంది, ఆ ప్రాంతాన్ని వలసలకు తెరిచింది 1854లో. ఇంకొక ఉత్తరంలో భూమి వివరం రాస్తూ ‘40వ సెక్షన్’ అని ఉంది. అమెరికా భూమి కొలతల్లో ఒక టౌన్‌షిప్‌కు 36 సెక్షన్లే. లింకన్ స్వయంగా సర్వేయరుగా పనిచేసిన మనిషి. మన ఊళ్లో లేని సర్వే నంబరు వేసి దస్తావేజు పుట్టిస్తే రిజిస్ట్రారు కచేరీ గుమాస్తా ఎలా పట్టుకుంటాడో, యాంగిల్ అలా పట్టుకున్నాడు.

ఉత్తరానికి ఒక పని ఉంటుంది

నాలుగో వారానికి నా దగ్గర కావలసినంత సాక్ష్యం ఉంది. అయినా నన్ను పూర్తిగా ఒప్పించింది అది కాదు, ఆ వారాల్లో చదువుతూ పోయిన వందల కొద్దీ నిజమైన ఉత్తరాలు.

మన ఇళ్లలో పాత ఇన్‌లాండ్ ఉత్తరాలు దాచుకున్నవాళ్లకు తెలుసు. ‘ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను’ అని మొదలై, రెండో పంక్తికల్లా అసలు పని వస్తుంది. ధాన్యం అమ్మారా, అమ్మాయిని ఎప్పుడు పంపుతారు, తమ్ముడికి ఫీజు కట్టాలి. లింకన్ ఉత్తరాలూ అంతే. ప్రతిదానికీ ఒక పని ఉంది.

1846 అక్టోబరు 22న ప్రాణస్నేహితుడు జాషువా స్పీడ్‌కు రాస్తూ మూడేళ్ల రాబర్ట్ గురించి చెబుతాడు. పొట్టివాడు, ఎప్పటికీ పొట్టివాడే అవుతాడేమో అంటాడు. తెలివైనవాడే, కానీ అయిదేళ్లప్పుడు ఉన్న తెలివి ఆ తరువాత ఇక పెరగని రకమేమోనని అప్పుడప్పుడు భయమేస్తుందంటాడు. దానికి ఆయన వాడిన మాట తొందరగా పండే కాయలకు అనేది. ‘పిందెలోనే పండే రకం’ అని తెలుగు చేశాను. రాస్తూ ఉండగానే ఎవరో వచ్చి బాబ్ తప్పిపోయాడని చెప్పారట. ఇంటికి పరిగెత్తేలోపు తల్లి వాణ్ని వెతికి పట్టుకొని దెబ్బలు వేయించింది, ఈపాటికి మళ్లీ పారిపోయి ఉంటాడు అని ముగిస్తాడు. ఒక తండ్రి తన కొడుకు గురించి రాసిన మాటలు ఇవి. తేనెటీగలూ లేవు, పచ్చని కొండా లేదు. పిల్లవాడు మాత్రం ఉన్నాడు, చేతికి దొరక్కుండా పరిగెడుతూ.

1863 జూన్ 9న ఫిలడెల్ఫియాలో ఉన్న మేరీకి తంతి పంపాడు. టాడ్ పిస్తోలును దాచిపెట్టెయ్, వాడి గురించి పాడు కల వచ్చింది అని. అంతకు ఏడాది పైచిలుకు కిందటే విలియం పోయాడు. రెండేళ్లుగా యుద్ధం వార్తలు మోస్తున్న తీగల మీదనే ఆ కల కూడా ప్రయాణం చేసింది. ఆ ఏడాదే ఆగస్టు 8న ఇంకొక ఉత్తరం. ఆ యుద్ధంలో పెద్ద పోరాటమైన గెటిస్‌బర్గ్ ముగిసి నెల రోజులు. టాడ్‌కు చెప్పు, పాపం నానీ మేక కనిపించడం లేదు అంటాడు. మీరు వెళ్లిన రోజున అది టాడ్ మంచం నడిమధ్యన పడుకొని నెమరు వేస్తూ కనిపించింది, ఇప్పుడు పోయింది అని, పూలు పాడుచేస్తోందని తోటమాలి ఫిర్యాదు చేస్తుంటే దాన్ని వైట్‌హౌస్‌కు తెచ్చిన సంగతి, రెండో రోజుకే అది మాయమైన సంగతి వివరంగా రాస్తాడు. ఒక దేశం రెండుగా చీలి కొట్టుకుంటున్న రోజుల్లో ఒక పూట ఆ మనిషికి ఆ మేక పోవడం కూడా బెంగే. ఈ ఉత్తరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

హెడ్మాస్టరు ఉత్తరానికి ఇలాంటి పని ఏదీ లేదు. అందుకునే మనిషి లేడు. కొడుకుకు పేరు లేదు. సిఫారసు లేదు, ఫీజు లేదు, ఫిర్యాదు లేదు. ఉన్నది ఉపన్యాసం. కింద నిండు పేరు ‘అబ్రహాం లింకన్’ అని ఉంటుంది. ఆయన ఆ నిండు పేరును ప్రభుత్వ పత్రాలకు ఉంచి, ఉత్తరాలకు ‘ఎ. లింకన్’ అని చేవ్రాలు చేసేవాడు.

దాన్ని వేయకూడదని చెప్పినప్పుడు ప్రచురణకర్త కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు కదండీ. ఎవరు రాస్తేనేం?” అన్నారు. మంచి మాటలే, ఎవరూ కాదనరు. ఆ మాటలు నచ్చితే రాసినవారి పేరు లేకుండా గోడకు కట్టుకోవచ్చు. మన పుస్తకం మాత్రం లింకన్ జీవితం అన్నాను. పన్నెండేళ్ల పిల్లవాడు ఇందులో చదివినది పరీక్షలో రాస్తాడు, పెద్దయ్యాక తన పిల్లలకు చెబుతాడు. నేను ఇరవై ఏళ్ల కిందట అచ్చువేసిన సంచిక ఎంతమంది ఇళ్లలో ఉందో నేను వెనక్కు తెచ్చుకోలేను. ఇది ఇంకా అచ్చుకు పోలేదు.

వెనక అట్ట ఖాళీగా ఉంచలేము

దాని స్థానంలో ఏమి? చదువు గురించి లింకన్ రాసినవే చూశాను. తన చదువంతా కలిపితే ఒక ఏడాది కూడా కాదని 1860లో రాసుకున్న స్వీయకథలో ఉంది. 1859 డిసెంబరు 20న జెస్సీ ఫెల్‌కు రాసిన దానిలో, ఇండియానా అడవుల్లో ఉపాధ్యాయుడికి చదవడం, రాయడం, త్రైరాశికం దాకా లెక్కలు వస్తే చాలని, లాటిన్ వచ్చునని పేరున్న దేశదిమ్మరి ఎవరైనా ఆ చుట్టుపక్కల బస చేస్తే మంత్రగాణ్ని చూసినట్టు చూసేవారని ఉంది. బాల్యం అధ్యాయానికి అవి సరిపోయాయి. అట్టకు నాకు ఉత్తరమే కావాలి.

దొరికింది. స్ప్రింగ్‌ఫీల్డ్, 1860 జులై 22. ‘ప్రియమైన జార్జ్’ అని మొదలవుతుంది. జార్జ్ లేథమ్ రాబర్ట్ స్నేహితుడు, హార్వర్డ్ ప్రవేశపరీక్షలో తప్పాడు. రాబర్ట్ కూడా అంతకుముందు ఏడాది 16 విషయాల్లో 15 తప్పి, న్యూ హాంప్‌షైర్‌లోని ఫిలిప్స్ ఎక్సెటర్ అకాడమీలో ఒక ఏడాది చదివి మళ్లీ రాసి నెగ్గినవాడే. లింకన్ అప్పటికి రెండు నెలల కిందట, మే 18న, రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థి అయ్యాడు. ఇంటి నిండా రాజకీయనాయకులు. ఆ మధ్య కూర్చుని ఈ కుర్రవాడికి రాశాడు.

నిన్న బాబ్ ఉత్తరంలో నువ్వు తప్పావని చదివి నా జీవితంలో అంత బాధ ఎప్పుడో గానీ పడలేదు అంటాడు. నిరుత్సాహం నిన్ను పట్టి పీడించనివ్వకపోతే ఇది పెద్ద విషయం కాదంటాడు. నీకు ఎలా సాయపడాలో నాకు తెలియదు, వయసు మీదపడి కష్టాలు చూసిన మనిషిగా ధైర్యం చెప్పడం తప్ప అంటాడు. ఆ కళాశాల అధ్యక్షుడు దయగల మనిషే అయి ఉంటాడు, వెళ్లి కలువు, అడ్డంకి దాటే దారి చెబుతాడు అని పని కూడా చెబుతాడు. సులువుగా సీటు వచ్చిన చాలామంది కంటే నువ్వు మంచి పండితుడివి కాలేవనడానికి ఈ తప్పడం సాక్ష్యం కాదంటాడు. ఏటా వేసవిలో ప్రవేశపరీక్షల ఫలితాలు వచ్చే రోజు మన ఇళ్లలో తలుపు వేసుకొని కూర్చునే పిల్లలను ఎరిగినవారెవరైనా ఈ ఉత్తరాన్ని రెండోసారి చదువుతారు. లేథమ్ ఆ తరువాత హార్వర్డ్‌లో కాకుండా యేల్‌లో చేరాడు. నువ్వు హార్వర్డ్‌లో చేరగలవన్న ఉత్తరంలోని జోస్యం అక్షరాలా ఫలించలేదు, అది కూడా ఫుట్‌నోట్‌లో రాశాను.

అనువాదంలో ఒక్క వాక్యం మూడు రోజులు తీసుకుంది. ప్రయత్నం మొదలుపెట్టావు గనుక నువ్వు గెలవాలి అని చెప్పి, వెంటనే ఆ ‘మస్ట్’ అన్న మాటనే ఎత్తి చూపి, అదే అసలు మాట అంటాడు. ఆంగ్లంలో మస్ట్ ఒంటరిగా నిలబడగలిగిన మాట. తెలుగులో ఆ అర్థం క్రియ చివర ‘ఆలి’గా అతుక్కుని ఉంటుంది, విడదీస్తే బతకదు. ‘తప్పనిసరిగా’ అని పెట్టి చూశాను, ప్రభుత్వ ఉత్తర్వులా వినిపించింది. ‘తప్పదు’ అని పెట్టాను. తప్పిన కుర్రవాడికి రాసే ఉత్తరంలో ఆ మాట గుచ్చుకుంది. మూడో రోజు పొద్దున పెరట్లో పంపు దగ్గర పక్కింటావిడ కొడుకుతో అంటున్న మాట చెవిన పడింది: “నువ్వు తినితీరాలి.” లోపలికి వచ్చి రాశాను. ‘మొదలుపెట్టావు గనుక నువ్వు గెలిచితీరాలి. “తీరాలి” అన్నదే మాట.’

ఇంకొక ఉత్తరం కూడా అట్టకు పోటీ పడింది. కొడుకుకు పైఅధికారి కాబోయే మనిషికి తండ్రి రాసినది. 1865 జనవరి 19న ఉత్తరాది సైన్యాధిపతి జనరల్ గ్రాంట్‌కు. నన్ను అధ్యక్షుడిగా కాక స్నేహితుడిగా అనుకొని చదివి జవాబివ్వండి అని మొదలుపెడతాడు. నా కొడుకు హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకున్నాడు, యుద్ధం ముగిసేలోగా కొంత చూడాలంటున్నాడు. వాణ్ని మామూలు సిపాయిగా పంపడం నాకు ఇష్టం లేదు, చాలాకాలంగా సేవ చేసినవారికి దక్కవలసిన హోదా ఇవ్వడమూ ఇష్టం లేదు. మీ పరివారంలో నామమాత్రపు హోదాతో చేర్చుకోగలరా, ఖర్చులు ప్రజలు కాదు, నేను భరిస్తాను. కుదరదంటే ఏమాత్రం సంకోచించకుండా కుదరదనండి. గ్రాంట్ ఒప్పుకున్నాడు, రాబర్ట్ కెప్టెన్ అయ్యాడు. ఏప్రిల్ 9న వర్జీనియాలోని అపోమాటక్స్‌లో దక్షిణాది సేనాని లీ లొంగిపోయినప్పుడు అక్కడే ఉన్నాడు.

ఆ ఉత్తరం నన్ను ఇబ్బంది పెడుతుంది. లక్షల మంది కొడుకులు సాధారణ సిపాయిలుగా చనిపోతున్న యుద్ధమది. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న మేరీ పెద్దవాణ్ని పంపడానికి ఒప్పుకోలేదు. దేశానికి అధిపతి అయినవాడు ఇంట్లో భార్యకూ బయట దేశానికీ మధ్య నలిగి, సిగ్గుపడుతూ సిఫారసు అడిగాడు. హెడ్మాస్టరు ఉత్తరంలోని తండ్రికి ఇలాంటి గడ్డు పరిస్థితి రాదు, అన్నీ తెలిసిన మనిషి అతడు. పిల్లల పుస్తకం అట్ట మీద గ్రాంట్ ఉత్తరం వేస్తే వివరించడానికి చోటు చాలదని, దాన్ని లోపల యుద్ధం అధ్యాయంలో, ఆనాటి సైనిక నియామకాలు ఎలా జరిగేవో చెప్పే పేజీ పక్కన పెట్టాను. తీసేయమని ఒక సలహా వచ్చింది, ఒప్పుకోలేదు.

రాతప్రతిలో ఇంకా కొన్ని ఏరివేతలు జరిగాయి. లింకన్ వరుస ఓటముల పట్టిక, మన వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో తరచు కనిపించేదే, అందులోనూ ఉంది. 1832లో శాసనసభకు ఓడిపోయిన మాట నిజం, కానీ ఆయనను ఎరిగిన న్యూ సేలం ఊళ్లో 300 ఓట్లలో 277 ఆయనకే పడ్డాయి. 1834, 1836, 1838, 1840లో వరసగా నాలుగుసార్లు గెలిచాడు, 1846లో కాంగ్రెస్‌కు గెలిచాడు. ఓటములను మాత్రమే ఏరి, గెలుపులను దాచిన ఆ పట్టికను మొత్తంగా తిరిగి రాశాను. ధనికుణ్ని నాశనం చేసి పేదకు సాయపడలేరు అనే ధోరణిలో సాగే సూక్తులను తీసేశాను. అవి విలియం బోట్కర్ 1916లో అచ్చువేసినవి. 1992లో మాజీ అధ్యక్షుడు రీగన్ అంతటివాడే వాటిని లింకన్ పేరు మీద వేదికెక్కి చెప్పాడు.

అట్ట మీద లేథమ్ ఉత్తరం వెళ్లింది, కింద ‘ఎ. లింకన్’ అన్న చేవ్రాలుతో సహా. టాడ్ అధ్యాయంలో మేక ఉత్తరం పూర్తిగా వేశాము. బొమ్మ వేస్తున్న చిత్రకారుడు ప్రూఫులు పోయే ముందు రోజు రాత్రి ఫోను చేసి, మేక ఏ రంగులో ఉండాలని అడిగాడు. ఉత్తరం తీసి మళ్లీ చదివాను. మంచం ఉంది, నెమరు ఉంది, మేక పేరు ఉంది. రంగు లేదు. రంగు వేయకుండా పెన్సిలు గీతలతోనే గీయమన్నాను.